బాక్సు లేకుండా బావగారి దర్శనం

ఆ రోజుల్లో నేను కుర్రవాణ్ణి. నవ్వకండి. అరవై నిండి ఎంతో కాలం కాలేదు, నిచ్చెన ఎక్కగలిగేవాణ్ణి, నేల మీద కూర్చుంటే కాస్త మూలిగినా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచేవాణ్ణి, అన్నిటికీ మించి పొద్దున ఎవరితోనైనా పోట్లాడితే ఆ కోపాన్ని సాయంత్రం దాకా చల్లారకుండా మోయగలిగేవాణ్ణి. ఇప్పుడు కోపం వచ్చి, కుర్చీ వెతుక్కుని, అందులో కూర్చునేసరికి అది ఎందుకు వచ్చిందో మర్చిపోతున్నాను. (మా డాక్టరు ఇది మంచి లక్షణమే అన్నాడు. ఆ మాట మీద ఆయనతో పోట్లాడదామనుకుని అదీ మర్చిపోయాను.) డెబ్బై దాటి చాలా దూరం వచ్చాక వెనక్కి తిరిగి చూస్తే అరవై రెండేళ్ళ వయసు నిజంగా పడుచుతనమే. పడుచుతనంలో చేసే పనులన్నీ నేను అప్పుడే చేశాను. అందులో ఒకటి, టీవీ బాక్సును వెలివేయడం.

తెనాలిలో మా వీధికి కేబుల్ బాక్సులు వచ్చిన కొత్తల సంగతి. అంతకు ముందు స్తంభం మీద నించి ఒక నల్లటి వైరు ఇంట్లోకి వచ్చేది, దాని కొస టీవీ వెనకాల గుచ్చితే బొమ్మ వచ్చేది. వైరుకీ టీవీకీ మధ్య ఎవరూ ఉండేవారు కాదు. నేను చదివింది ఏడో తరగతి, ఆ తర్వాత చదువంతా ఎరువుల బస్తాల మీద ముద్రించిన అక్షరాలూ, పొట్లాలు కట్టిన కాగితాలూ, పాత పుస్తకాల షాపులో కొన్న ఒక ఇంగ్లీషు నిఘంటువూ చెప్పినవే. రైసు మిల్లులో గుమాస్తాగా ఉన్నన్నాళ్ళూ మిల్లుకు వచ్చిన ప్రతి యంత్రంతో పాటు వచ్చే పుస్తకాన్ని మొదటి పేజీ నించి చివరి పేజీ దాకా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. (ఇంజనీరుగారు ఎప్పుడూ తెరవలేదు. ఆయనకి బోల్టు ఎక్కడుందో చెయ్యే చెప్పేదట.) కాబట్టి లోకంలో ఏ వస్తువైనా, పుస్తకం ఉంటే, నాకు అర్థమవుతుందని నాకొక ధీమా. అలాంటివాడి ఇంటికి ఒకనాడు మా కేబుల్ ఆయన నల్లటి పెట్టె ఒకటి పట్టుకొచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, ఎప్పుడు చూసినా భుజాన వైరు చుట్ట వేలాడుతూ ఉండేది గనుక వీధంతా అతన్ని వైరుబాబు అనేవారు.

"ఇదేంటయ్యా?"

"సెట్‌టాప్ బాక్సండి బాబాయ్ గారూ. ఇక నించి ఇది లేకపోతే బొమ్మ రాదండి."

"నిన్నటిదాకా వచ్చిందిగా?"

"నిన్నటిదాకా వచ్చిందండి."

"మరి ఇవాళేమైంది?"

"ఇవాళ్టి నించి రాదండి."

ఇంతకంటే వివరం అతని దగ్గర లేదు, అతనికి చెప్పినవాళ్ళ దగ్గరా ఉన్నట్టు లేదు. సరే పెట్టించుకున్నాం. ఆ పెట్టె వేడెక్కేది. మా వీధి పిల్లి వచ్చి దాని మీద పడుకునేది, పిల్లి పడుకుంటే ఇంకా వేడెక్కేది, వేడెక్కితే బొమ్మ బిగుసుకుపోయేది. ఒకరోజు వార్తల్లో తుఫాను గురించి చెబుతున్నారు. బాపట్ల దగ్గర తీరం దాటుతుందా, ఇంకా కిందికి పోతుందా అని ఊరంతా ఊపిరి బిగబట్టి ఉంది. ఆ వార్తలమ్మాయి "తుఫాను ఈ రాత్రికి..." అని నోరు తెరిచింది, బాక్సు బిగుసుకుంది. ఆ పిల్ల నోరు తెరుచుకునే ఉంది. మేం అన్నాలు తిన్నాం, పడుకున్నాం, పొద్దున లేచాం, తుఫాను దారిన తుఫాను పోయింది, ఆ పిల్ల ఇంకా నోరు మూయలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. పెట్టెను తీసి, వైరును టీవీ వెనకాలే గుచ్చేసి, పెట్టెను సైకిల్ వెనక కట్టుకుని, వైరుబాబు ఆఫీసు పక్కన టీ బంకు దగ్గర పదిమందీ ఉండగా అతని చేతిలో పెట్టాను.

"వైరు నీదే అయినా గోడ నాది, టీవీ నాది, కళ్ళు నావి. నేనేం చూడాలో నాకు చూపించడానికి మధ్యలో ఇదెవరు? ఇది మళ్ళీ మా గడప తొక్కితే అడుగు!"

"అలాగేనండి బాబాయ్ గారూ," అన్నాడు వైరుబాబు, చేతిలో టీ గ్లాసు కింద పెట్టకుండానే. "వైరు మాత్రం తియ్యనులెండి. ఉంచుతాను." ఆ 'ఉంచుతాను' అనడంలోనే, రేపో ఎల్లుండో మీరే వస్తారుగా అన్న మాట ఉంది. టీ బంకు వాళ్ళంతా నవ్వారు. ఆ నవ్వుతో నా మాట వెనక్కి తీసుకోవడానికి వీల్లేకుండా పోయింది.

మా ఆవిడ సీరియల్ వేళకి ఎదురింటి అక్కయ్యగారి ఇంటికి వెళ్ళి చూసి వచ్చేది. నాకు అన్నం పెట్టేటప్పుడు మాత్రం ఆ సీరియల్లో మొండి మొగుడు ఒకడున్నాడనీ, వాడికి చివరికి బాగా అవుతుందని అందరూ అనుకుంటున్నారనీ చెప్పేది.

ఇలా ఉండగా ఒక ఆదివారానికి రెండు మూడు రోజుల ముందు ఎదురింటి అక్కయ్యగారు మా గుమ్మంలోకి వచ్చింది. "విన్నావా? రేపల్లెలో నాటకాల పోటీలంట. ఆదివారం సాయంత్రం ఆరింటికి మీ అన్నయ్యగారి నాటకమంట, రాజు వేషమంట. మన లోకల్ ఛానెల్లో లైవు పెడతారంట, కొత్తగా హెచ్‌డీ కూడా మొదలెట్టారుగా, వెంట్రుక కూడా కనపడుద్దంట. మా ఇంటికి రా, చూద్దాం" అంది. మా ఆవిడ "చూద్దాంలెండి అక్కయ్యగారూ, నడుం నొప్పిగా ఉంది" అని తలుపు దగ్గరికేసి, వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలు మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

ఇక్కడ కాస్త ఆగి పాత సంగతి చెప్పాలి. మా బావగారిది, అంటే మా ఆవిడ అన్నగారిది, అమృతలూరు. వరి పండించడం పని, పౌరాణిక నాటకాల్లో రాజు వేషం కట్టడం ప్రాణం. నారుమడిలో నిలబడి పద్యం ఎత్తుకుంటే పక్క పొలంలో కూలీలు పని ఆపేవారు. (పక్క పొలం ఆసామి వచ్చి బతిమాలుకున్నాక బావగారు పొలంలో పాడడం మానేశారు.) ఆ అన్నాచెల్లెళ్ళకి ఏళ్ళ తరబడి మాటల్లేవు. కారణం ఆస్తి కాదు, పాస్తి కాదు. బావగారి కూతురి పెళ్ళికి ఆయన భార్య, అంటే మా ఆవిడకి వదినగారు, ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవకుండా ఫోన్లో పిలిచింది. పనుల హడావుడిలో అలా జరిగిందని వాళ్ళు. మేనత్తని ఫోన్లో పిలుస్తారా, నేనేమన్నా సన్నాయి మేళమా, అని ఈవిడ. ఈవిడ పెళ్ళికి వెళ్ళలేదు. మేనత్త లేకుండా పెళ్ళి జరిగిందే అని ఆయనకి కష్టమేసింది. అప్పటి నించి ఇటు కబురు అటు వెళ్ళదు, అటు కబురు ఇటు రాదు. ఎవరైనా అమృతలూరు నించి వస్తే మా ఆవిడ వాళ్ళకి కాఫీ ఇచ్చి వానల గురించి అడిగేది, పంటల గురించి అడిగేది, గేదెల గురించి అడిగేది. ఇంకేమీ అడిగేది కాదు. వాళ్ళు వెళ్ళాక, ఎక్కడో ఒక మాటలో అన్నయ్య ఊసు వచ్చిందేమోనని విన్నదంతా నాతో మళ్ళీ చెప్పించుకునేది.

"వెళ్ళొచ్చుగా అక్కయ్యగారింటికి?" అన్నాను ఆ రోజు, ఏమీ ఎరగనట్టు.

"వెళ్తే ఆవిడ నాటకం చూడదు. నన్ను చూస్తుంది," అంది మా ఆవిడ గిన్నె మీద నించి తల ఎత్తకుండా. ఇంకో గిన్నె అందుకుని, "అన్నయ్య మొహం చూసి ఎన్నాళ్ళయిందో. బాక్సుంటే మనింట్లోనే చూసేవాళ్ళం" అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

బాక్సు అడగడానికి టీ బంకు దాటి వెళ్ళాలి. అది జరిగే పని కాదు. అప్పుడు నా చదువు నన్ను ఆదుకుంది. టీవీతో వచ్చిన పుస్తకం తీశాను, నిఘంటువు తీశాను. ఎక్కడో వెనక పేజీల్లో చిన్న అక్షరాలతో ఉంది. ఈ టీవీ కడుపులోనే కేబుల్ ఛానెళ్ళు పట్టే సరంజామా ఉందిట. తాళం వెయ్యని ఛానెళ్ళు వైరులో వస్తూ ఉంటే, బాక్సు లేకపోయినా అదే వెతికి పట్టుకుంటుందిట. ఇది చదివి నాకు ఆనందం కంటే కోపం ఎక్కువ వచ్చింది. టీవీ చెయ్యగల పనిని చెయ్యనివ్వకుండా దాని నెత్తిన పెట్టెను కూచోబెట్టారన్నమాట! ఇక తెలియవలసింది ఒక్కటే, మా లోకల్ ఛానెల్‌కి తాళం ఉందా లేదా అని. మర్నాడు వైరుబాబు మా వీధిలో స్తంభం దగ్గర కనిపిస్తే, ఊరికే అటుగా వెళుతున్నట్టు వెళ్ళి అడిగాను.

"ఏమయ్యా, లోకల్ ఛానెల్‌కి తాళం వేస్తారా?"

"ఎవరికండి?"

"జంపనిలో మా స్నేహితుడొకాయన అడగమన్నాడులే."

"ఓహో." వైరుబాబు మొహంలో ఒక్క గీత కదల్లేదు. "వెయ్యలేదని చెప్పండి ఆయనకి. మామూలుదానికీ లేదు, హెచ్‌డీకీ లేదండి. ఊళ్ళో షాపుల యాడ్లు అందరూ చూడాలి కదండీ. కాకపోతే బాక్సు లేకుండా అయితే పేరు కనపడదు, ఏ నెంబర్లో కూచుందో వెతుక్కోవాలి. అన్నట్టు మీ స్నేహితుడికి మోకాళ్ళ నొప్పులుంటే కింద కూచోవద్దనండి, స్టూలు వేసుకోమనండి."

ఆదివారం మధ్యాహ్నం భోజనం అవగానే మొదలుపెట్టాను. మా ఆవిడ చూడనట్టు మంచం మీద బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చుంది. టీవీ ముందుగా ఒక ప్రశ్న అడిగింది: యాంటెన్నానా, కేబులా అని. నా వేలు దానంతటదే యాంటెన్నా మీద నొక్కింది. నా తప్పు కాదు, అలవాటు. వయసులో ఉండగా డాబా మీదికెక్కి ఇనప గొట్టానికి కట్టిన ఏరియల్ తిప్పుతూ "వచ్చిందా?" అని అరవడం, కింద నించి "రాలా... ఆ! వచ్చింది, కదపమాకండి!" అని ఈవిడ అరవడం, నేను కదలకుండా అక్కడే నిలబడి వార్తలన్నీ కింది నించి విని తెలుసుకోవడం, ఇలా ఎన్ని సాయంత్రాలో. టీవీ ఆకాశం అంతా గాలించి, ఎంతోసేపటికి ఒక్క ఛానెల్ కూడా లేదని చెప్పింది. మళ్ళీ మొదటి నించి కేబుల్ అని నొక్కాను. ఈసారి తెర మీద ఒక పచ్చ గీత, చీమ నడిచినట్టు, ఎడమ నించి కుడికి బయలుదేరింది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఇప్పటికీ ఎవరైనా ఓపిక అంటే నాకు ఆ పచ్చ గీతే గుర్తొస్తుంది.

గీత చివరికి చేరేసరికి లెక్కలేనన్ని ఛానెళ్ళు పడ్డాయి. ఒక్కదానికీ పేరు లేదు. ఒక్కొక్కటే నొక్కుతూ పోయాను. నూటికి తొంభై నల్లగా ఉండి, తాళం బొమ్మ చూపించి, పొమ్మన్నాయి. ఒకదాంట్లో మాటలున్నాయి, మనుషుల్లేరు. ఇంకోదాంట్లో మనుషులు నోళ్ళు ఆడిస్తున్నారు, మాటల్లేవు. ఈ రెంటినీ ఎవరైనా కలిపి ఉంటే ఒక కాపురం అయ్యేది. ఇంకో నెంబర్లో ఒక బల్ల, ఒక గోడ, గోడకి క్యాలెండరు. ఇదేం కార్యక్రమమా అని చూస్తుంటే, పక్క నించి వైరుబాబు వచ్చి బల్ల ముందు కూర్చుని పునుగులు తినడం మొదలుపెట్టాడు. వాళ్ళ ఆఫీసులో పరీక్షకి పెట్టిన కెమెరా కాబోలు. అతను తింటూ తింటూ తలెత్తి సరిగ్గా నా వైపు చూశాడు. నేను గబుక్కున రిమోట్ వెనక్కి దాచాను.

"ఎవరండీ?" అంది మా ఆవిడ మంచం మీద నించి.

"ఎవరూ లేరు. జంపని వాళ్ళు," అన్నాను.

అయిదు దాటాక మా లోకల్ ఛానెల్ దొరికింది. ఎలా పోల్చానంటారా, కింద అక్షరాలు పాకుతున్నాయి: ఫలానావారి పెద్దకర్మ, బంధుమిత్రులు భోజనాలకి రావాలని, బజారులో తాళంచెవుల గుత్తి దొరికిందని, చీరల షాపులో ఆషాఢం తగ్గింపని. ఇంత చక్కగా చావునీ చీరల్నీ ఒకే వరసలో నడిపించేది మా తెనాలి ఛానెల్ తప్ప ఇంకోటి కాదు. పైన రేపల్లె స్టేజీ కనిపిస్తోంది. కానీ బొమ్మ మజ్జిగలో ముంచి తీసినట్టుంది. మైకు సర్దుతున్నవాడికీ మైకుకీ తేడా తెలియడం లేదు.

"ఇందులో అన్నయ్యెవరో, తెర తాడు లాగేవాడెవరో ఎలా తెలుస్తుంది?" అంది మా ఆవిడ. బియ్యం చాట పక్కన పెట్టి ఎప్పుడు వచ్చి నా వెనక నిలబడిందో!

"ఆగు, దీని తమ్ముడు హెచ్‌డీ ఉన్నాడు ఎక్కడో," అని మళ్ళీ బయలుదేరాను. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. స్టూలు వేసుకోమని ఒక పగవాడు చెప్పిన సలహా పాటించడం ఇష్టం లేక కిందే కూర్చున్నాను మరి. తాళాలు, తాళాలు, మళ్ళీ తాళాలు. ఎదురింట్లోంచి హార్మోనియం వినపడటం మొదలైంది, నాటకం మొదలైనట్టే. మా ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. ఇక నా వల్ల కాదు, లేచి టీ బంకుకే పోదాం, నవ్వితే నవ్వనీ, అనుకుని ఆఖరుసారి నొక్కాను.

ఎంత చక్కటి బొమ్మండీ! కిటికీ తెరిచి రేపల్లెని మా గదిలోకి పిలిచినట్టుంది. సింహాసనానికి అంటించిన బంగారు కాగితం ఒక మూల లేచింది, అది కనపడింది. భటుడి చేతికి వాచీ ఉంది, టైము కూడా కనపడింది. మధ్యలో రాజు కిరీటంతో, మీసంతో, మొహం నిండా రంగుతో కూర్చుని పద్యం ఎత్తుకున్నాడు. బాక్సు లేకుండా, ఎవరినీ అడక్కుండా, ఏడో తరగతి చదువుతో పట్టిన రాజు! నేను ఛాతీ విరిచి వెనక్కి తిరిగి చూశాను. మా ఆవిడ ఏడుస్తోంది.

"చూడండి, ఎలా అయిపోయాడో," అంది. "ఆ మెడ చూడండి. ఆ నరాలు చూడండి. చేతులు పుల్లల్లా అయిపోయినయ్. అన్నయ్య చెయ్యి ఎలా ఉండేది! అసలు అన్నం పెడుతోందా ఆవిడ?"

నేనూ చూశాను. నిజమే, రాజుగారి నగలు ఆయన్ని మోస్తున్నాయో, ఆయన నగల్ని మోస్తున్నారో తెలియడం లేదు. హెచ్‌డీ అనేది మనిషిలో లోపాలు చూపించడానికే పుట్టింది. నేను ఏదో ఓదార్పు మాట వెతుక్కునే లోపలే మా ఆవిడ ఫోన్ తీసింది. ఏళ్ళ తరబడి తియ్యని నెంబరు, ఎక్కడా చూడకుండా, వేలు ఆపకుండా నొక్కింది. మా బావగారి గొంతుకి స్పీకరు అక్కర్లేదు. మాట్లాడిందంతా నాకు వినపడింది.

"అన్నయ్యా!"

అవతల హార్మోనియం వినపడింది. తర్వాత, "అమ్మాయ్... నువ్వా?"

"ఏంటన్నయ్యా అలా చిక్కిపోయావు? ఒంట్లో బాగుండట్లేదా? నాకొక్క కబురు పెట్టకూడదా? పెళ్ళికి రాలేదని ఇంత కోపమా నా మీద?"

"నేనెక్కడ చిక్కానే? మొన్ననే పాత చొక్కాలన్నీ వదులు చేయించాను. ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరో చెప్పేదేంటి, నా కళ్ళతో నేను చూస్తుంటేను! ఇదిగో టీవీలో సింహాసనం మీద..."

అక్కడ ఆగిపోయింది. టీవీలో రాజు నోరు తెరిచి రాగం తీస్తున్నాడు. ఫోన్లో రాజు మాట్లాడుతున్నాడు. మా ఆవిడ టీవీని చూసింది, ఫోన్ని చూసింది, చివరికి ఇదంతా నేనే చేశానన్నట్టు నన్ను చూసింది.

"ఓసి పిచ్చిదానా!" బావగారి నవ్వు గదంతా నిండింది. "ఆయన ఒకటో రాజు. బాపట్ల డ్రిల్లు మాస్టారు. పుట్టుకతోనే సన్నం. నేను రెండో రాజుని, నాకింకా కిరీటం కడుతున్నారు."

పౌరాణిక నాటకాలు ఎరిగినవాళ్ళకి ఇది కొత్త కాదు. ఒకే వేషం సీను సీనుకీ ఒకరు కడతారు. పద్యాలు బరువు, రాజు వేషం అందరికీ కావాలి, అందుకని ఒకటో రాజు, రెండో రాజు అని పంచుకుంటారు. నాటకాల ఇంట్లో పుట్టిన మా ఆవిడకి ఇది తెలియక కాదు. ఆమె ఎరిగినంత కాలం వాళ్ళ అన్నయ్య ఒకటో రాజే. సింహాసనం మీద ఇంకొకరు కూర్చుని ఉంటారని ఆమెకి తోచలేదు.

"ఎప్పుడూ నువ్వేగా అన్నయ్యా ఒకటో రాజువి?" అంది మెల్లగా.

"ఊపిరి చాలట్లేదమ్మా. ఇప్పుడు రాజ్యం పోయాక వచ్చే రాజుని. అడవిలో సీను. పద్యాలు తక్కువ, చెట్టు కింద కూచోవడం ఎక్కువ. హాయిగా ఉంది," అన్నారాయన. ఆ హాయి ఎంతుందో చెల్లెలికి తెలుసు. అంతలో ఎవరో గంట కొట్టారు. "నా సీను వస్తోంది. టీవీ చూస్తూ ఉండు, ఇదిగో మీ వదినతో మాట్లాడు" అని ఫోన్ ఆవిడ చేతిలో పెట్టేసి వెళ్ళిపోయారు.

ఇద్దరు ఆడవాళ్ళు చెరో ఫోన్ చెవికి పెట్టుకుని, ముందు ఎవరు మాట్లాడతారా అని చూస్తున్నారు. చివరికి వదినగారే, "వదినా, నడుం నొప్పి ఎలా ఉంది?" అంది. నడుం నొప్పి సంగతి ఆవిడకెలా తెలుసు? అమృతలూరు వెళ్ళినవాళ్ళని ఆవిడా కాఫీ ఇచ్చి అడుగుతోందన్నమాట. "ఉంది వదినా, అలాగే ఉంది," అంది మా ఆవిడ, పొంగిపోతూ.

ఇంత మంచి సమయంలో నేను ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. ఇంత కష్టపడి పట్టిన ఛానెల్ రేపు మళ్ళీ దొరుకుతుందో లేదో, బావగారు వచ్చే లోపల దీన్ని ఒకటో నెంబర్లో భద్రం చేద్దామనుకున్నాను. మెనూలోకి వెళ్ళాను. ఏదో ఇంగ్లీషులో అడిగింది. పుస్తకమంతా చదివినవాణ్ణి గదా, అడిగింది పూర్తిగా చదవకుండా అవునని నొక్కాను. బొమ్మ మాయమైంది. పాత ఛానెళ్ళన్నీ చెరిపేశాను, మొదటి నించి వెతుకుతున్నాను అని చెప్పి, పచ్చ గీత ఎడమ పక్క నించి బయలుదేరింది. ఆపమని నొక్కినకొద్దీ వింటే ఒట్టు. వైరు పీకుదామంటే మధ్యాహ్నం నించి మడిచి ఉన్న మోకాళ్ళు గబుక్కున లేవనివ్వలేదు.

"ఏమైంది?" అంది మా ఆవిడ.

"వెతుకుతోంది," అన్నాను.

"అక్కడ తెర లేస్తోందంట!"

"లేస్తుంది. వెతుకుతోంది."

తిట్లు తినడానికి తల వంచుకుని సిద్ధమయ్యాను. కానీ ఆవిడ ఫోన్లో "వదినా, మా ఇంట్లో బొమ్మ పోయింది" అంది, అంతే. అవతల ఏదో సర్దుబాటు జరిగింది. వదినగారు ఫోన్ పట్టుకుని స్టేజీ పక్కకి వెళ్ళి నిలబడినట్టుంది. ఒక్కసారిగా ఫోన్లోంచి బావగారి పద్యం వచ్చింది. రాజ్యం పోయిన రాజు అడవిలో పాడే పద్యం. మధ్యలో ఒకచోట ఊపిరి తెగింది, మా ఆవిడ తన ఊపిరి బిగబట్టింది, ఆయన మళ్ళీ అందుకున్నారు. పద్యం అయ్యాక "వన్స్ మోర్!" అని జనం అరిచారు. ఆయన మళ్ళీ పాడారు. ఈవిడ కళ్ళు మూసుకుని, ఫోన్ని రెండు చేతుల్తో చెవికి అదుముకుని, నించున్నచోటే నించుని విన్నది. తెర మీద పచ్చ గీత పాకుతూనే ఉంది. అది ఆ చివరికి చేరి, నేను మళ్ళీ తాళాలన్నీ దాటుకుని హెచ్‌డీ పట్టేసరికి నాటకం అయిపోయి, ఎవరో పెద్దమనిషికి శాలువా కప్పుతున్నారు. శాలువా అంచు మీద పోగులు కూడా కనపడ్డాయి.

"పోనీలెండి," అంది మా ఆవిడ. "వినపడిందిగా."

ఆ వారంలోనే బావగారూ, వదినగారూ అమృతలూరు నించి వచ్చారు. ఆయన నిజంగానే గుమ్మం పట్టనంత లావుగా ఉన్నారు. వదినగారు చెప్పులు విప్పుతూనే కుంకుమ భరిణె తీసి మా ఆవిడకి బొట్టు పెట్టింది.

"ఏ శుభకార్యానికి వదినా?"

"దేనికీ కాదు. ముందు పెట్టి ఉంచుతున్నా. ఇక నేను ఫోన్లో పిలిచినా చెల్లుద్ది."

నలుగురం నవ్వుకున్నాం. బావగారు టీవీ వైపు చూసి "బాక్సు లేదేంటి బావా?" అన్నారు పాపం, ఊరికే. టిఫిన్ వేళ నించి భోజనాల వేళ దాకా చెప్పాను ఆయనకి. రాజ్యం పోయిన రాజులా విన్నారు. ఆ తర్వాత వైరుబాబు కనిపించి "మీ జంపని స్నేహితుడికి దొరికిందాండి?" అని అడిగితే, "దొరికింది, పోయింది" అన్నాను. అతను ఇంకేమీ అడక్కుండా పెట్టె తెచ్చి బిగించి వెళ్ళాడు. నేను గడప దగ్గర అడ్డం నిలబడలేదు. అలసిపోయాను.

ఇప్పుడు బావగారు నాటకాలు మానేశారు. రెండో రాజుకి కూడా ఊపిరి చాలడం లేదు. రోజూ సాయంత్రం ఆ అన్నాచెల్లెళ్ళు ఫోన్లో బొమ్మ పెట్టుకుని మాట్లాడుకుంటారు. కాకపోతే బావగారికి ఫోన్ చెవికి ఆనించుకుంటే తప్ప మాట్లాడినట్టు ఉండదు. అందుకని ఇటు తెర నిండా ఆయన చెవి ఒక్కటే కనపడుతుంది. ఎంత స్పష్టంగా అనుకున్నారు, చెవి మీది నెరిసిన వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు. మా ఆవిడ ఆ చెవికి కూర సంగతి చెబుతుంది, నడుం నొప్పి సంగతి చెబుతుంది, నా సంగతి చెబుతుంది. ఫోన్ ఎలా పట్టుకోవాలో, ఏది ఎక్కడ నొక్కాలో నాకు తెలుసు. పుస్తకం లేకపోయినా నేర్చుకున్నాను. ఆ కుర్రతనంలోనే అయితే ఫోన్ లాక్కుని, బావగారూ అలా కాదు ఇలా, అని మొదలుపెట్టి, సరిచేసి, ఉన్న చెవిని కూడా పోగొట్టి ఉండేవాణ్ణి. ఇప్పుడు నోటిదాకా వస్తుంది మాట. ఆవిడ ఆ చెవిని చూసి నవ్వుతుంటే చూస్తాను. కుర్చీలో వెనక్కి వాలి, ఊరుకుంటాను.